‘ది మర్డర్ ఎట్ ది వికారేజ్’లో ఉపకథలు శుద్ధ దండగేనా?

పాతపుస్తకాల_అంగడి:
అగాథా క్రిస్టీ 1930 నాటి ఈ నవల మళ్లీ చదివాను. గుట్టు విప్పే ముసలావిడ మిస్ మార్పుల్ పాత్రగా వచ్చిన మొదటి నవల ఇదే. సెయింట్ మేరీ మీడ్ అనే ప్రశాంతమైన ఇంగ్లిష్ పల్లెలో, పాస్టర్ క్లెమెంట్ ఇంట్లోనే కర్నల్ ప్రొథెరోను ఎవరో కాల్చి చంపుతారు. కథ చెప్పేది ఆ పాస్టరే. హత్య ఒక్కటి, రహస్యాలు మాత్రం ఇంటికొకటి! మిసెస్ లెస్ట్రేంజ్ అసలెవరు? డాక్టర్ స్టోన్ నిజంగా తవ్వకాల కోసమే వచ్చాడా? చర్చి డబ్బు నొక్కేసిందెవరు? వీటిలో సగానికి హత్యతో సంబంధమే లేదు. పేజీలు నింపడానికి పెట్టారంటాను. పాత్రలూ ఉపకథలూ మరీ ఎక్కువయ్యాయని క్రిస్టీయే ఆత్మకథలో రాసుకుంది. మీరేమంటారు?

గోదారిగట్టు:
అసలు కథ మాత్రం గట్టిదేనని కూడా ఆవిడ అక్కడే రాసింది. అది వదిలేశారేంటండీ?

ముగింపు చెప్పేస్తున్నా, చదవనివాళ్లు ఇది దాటేయండి. హంతకులు కర్నల్ భార్య ఆన్, ఆవిడ ప్రియుడు లారెన్స్. మనం మొదట అనుమానించేది వీళ్లనే. ముందు అతను లొంగిపోతాడు, తర్వాత ఆవిడ ‘నేనే చంపాను’ అంటుంది. ఒకరినొకరు కాపాడుకుంటున్నారనుకుని పోలీసులు ఇద్దర్నీ వదిలేస్తారు, మనమూ వదిలేస్తాం. మళ్లీ వాళ్ల జోలికి పోకుండా చివరిదాకా మనల్ని ఆపాలంటే మిగతా ఇళ్లలో ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి కదా!

ఇక హాస్యం సంగతి. టీ తాగుతూ ఊరందరి గుట్టూ విప్పే ఆడవాళ్ల గుంపులోనే మిస్ మార్పుల్‌నూ కూర్చోబెట్టింది క్రిస్టీ. ఆన్ చేతిలో హ్యాండ్‌బ్యాగ్ కూడా లేదని, తుపాకీ దాచే వీలే లేదని ఆవిడ చెబుతుంటే, పక్కవాళ్ల బట్టల మీద ముసలావిడ ఆరా అనుకుని నవ్వుకుంటాం. తుపాకీ అప్పటికే పాస్టర్ గదిలో పూలకుండీలో ఉంది. ఆన్ ఖాళీ చేతులతో అటుగా నడిచిందే ఈవిడకు కనపడాలని!

సెకండ్‌షో:
గడియారం సీను మరిచిపోయారా? అది పడి 6.22 దగ్గర ఆగిపోతుంది. కానీ ఆ గడియారాన్ని పాస్టర్ ఎప్పుడూ పావుగంట ముందుకు పెట్టి ఉంచుతాడు. ఆ ముక్క చెప్పబోతుంటే ఇన్‌స్పెక్టర్ స్లాక్ నోరెత్తనివ్వడు. నవ్వు నవ్వే, క్లూ క్లూయే. మన చంటబ్బాయ్‌లో డిటెక్టివ్‌ని చూసి నవ్వుతాం, ఇక్కడ సాక్షుల్ని చూసి నవ్వుతాం. తేడా అంతే.

వంటమనిషి మేరీకి మాత్రం కేసుతో పెద్ద పని లేదు. అయినా పాస్టర్ భార్య గ్రిసెల్డా లాజిక్ చూడండి: మేరీకి వంట రానంతకాలం ఇంకెవరూ ఎగరేసుకుపోరట! అది తీసేయమంటే నేను ఒప్పుకోను.

అర్ధరాత్రి_చదువరి:
నా గొడవ వేరు. పోయినవాడి కోసం ఊళ్లో ఎవరైనా బాధపడ్డారా? ప్రొథెరోను చంపినవాడు లోకానికి మేలు చేసినట్టేనని మొదటి అధ్యాయంలో మాంసం కోస్తూ స్వయంగా పాస్టరే అంటాడు. శవాన్ని ముందే అందరికీ చేదు చేసేసి, ఆ తర్వాత నవ్వుకోమనడం న్యాయమా?

గోదారిగట్టు:
కర్నల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ క్లెమెంట్ కింద పనిచేసే కుర్ర పాస్టర్ హాస్ చోటికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది కదా. చర్చి డబ్బు తీసింది అతనే. వాడి మీదికి హత్య కూడా తోసేసి, మందు ఎక్కువ మోతాదులో మింగించి, ఆత్మహత్యలా చూపించాలనుకుంటాడు లారెన్స్. ఆ దొంగతనం ఉపకథే లేకపోతే ఈ ఉచ్చు ఎక్కడ బిగిస్తారు?

పాతపుస్తకాల_అంగడి:
సరే, హాస్ ఉండాల్సిందే. మరి డాక్టర్ స్టోన్? పురావస్తు పండితుడి వేషంలో వచ్చి కర్నల్ ఇంటి వెండి సామాను కొట్టేసిన దొంగ. అతన్ని మొత్తం లేపేస్తే హత్య కథలో ఒక్క ముడైనా ఊడుతుందా? దీనికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.