డికీ ఓవెన్ గొప్పతనం ఒక్క మ్యాచ్‌దేనా?

ప్రశ్న: 1905 డిసెంబరు 16న కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో వేల్స్ 3–0తో న్యూజీలాండ్‌ను ఓడించిన రగ్బీ మ్యాచ్‌లో ట్రై (ప్రత్యర్థి గోల్ గీత అవతల బంతిని నేలకు తాకించి పాయింట్లు సాధించడం) సాధించినది టెడ్డీ మోర్గాన్ కదా; మరి స్క్రమ్ హాఫ్ (ముందు వరుస ఆటగాళ్ల గుంపు నుంచి బంతిని అందుకొని వెనుకవారికి అందించే ఆటగాడు) డికీ ఓవెన్‌ను అందరూ అంతగా ఎందుకు తలుస్తారు?

జవాబు 1: ఆ ట్రైకి బీజం వేసినది ఓవెన్ గారే. ఆయన ఒక వైపు పరుగెత్తి, ప్రత్యర్థుల రక్షణను అటు లాగి, హఠాత్తుగా బంతిని రెండో వైపున ఉన్న క్లిఫ్ ప్రిచర్డ్‌కు విసరగా, అది రిస్ గేబ్ మీదుగా మోర్గాన్‌కు చేరింది. ఎంత అందమైన ఎత్తుగడ!

జవాబు 2: అయితే ఆ ఒక్క పాస్‌తోనే ఆయనను కొలవడం అన్యాయమని నా అభిప్రాయం. ఉక్కు కార్మికుడైన ఆ పొట్టి ఆటగాడు 1901 నుంచి 1912 వరకు వేల్స్ తరఫున 35 మ్యాచ్‌లు ఆడారు.

జవాబు 3: స్వాన్సీ క్లబ్‌లో డిక్ జోన్స్‌తో ఆయనకు కుదిరిన జోడీని కూడా మరువరాదు.