యోధుడికి స్త్రీలింగం

ఏడో తరగతి పిల్లల కాగితాలు దిద్దుతున్నాను. స్త్రీలింగం రాయమంటే నాయకుడికి నాయకురాలు అని అందరూ రాశారు. వీరుడికి వీరనారి అన్నారు. యోధుడి ఎదుట మాత్రం సగం మంది ఖాళీ వదిలేశారు. ఒక అమ్మాయి అక్కడా వీరనారి అనే రాసి, అనుమానం వచ్చి కొట్టేసింది.

రోజూ కోఠి మీదుగా బస్సులో వెళ్తాను. అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, ముందు ‘వీరనారి’ చేర్చి. పెట్టవలసిన పేరే. పాలకుర్తిలో తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వని మనిషి ఆమె. కానీ 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల్లో పనిచేసిన మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి కూడా మనకు వీరనారులే. ఝాన్సీ లక్ష్మీబాయీ అంతే. ఎవరు ఏ పని చేశారో ఆ మాటలో తెలియదు. స్వరాజ్యాన్ని పట్టిస్తే 10,000 రూపాయలిస్తామని ప్రకటించారంటే ఆమె ఆయుధం పట్టి తిరుగుతున్నందుకే కదా! ఆ పనిని చెప్పే మాట యోధురాలు. పాఠాల్లో అదే రాయాలని నా పట్టుదల.

మొదటి స్పందన

టీచర్‌గారూ, ఒక చిక్కు ఉంది. యోధ, ఆలు కలిస్తే రుగాగమం వచ్చి, అంటే మధ్యలో ‘ర్’ చేరి, యోధురాలు అవుతుంది, ధీరురాలు లాగే. ఆలు అంటే స్త్రీయే. ‘యోధ అయిన స్త్రీ’, ‘వీర అయిన నారి’: విగ్రహవాక్యం రెండింటికీ ఒకే తీరు. మరి తేడా ఎక్కడ?

రెండో స్పందన

మా అమ్మమ్మది జనగామ వైపు పల్లె. ఆమె నోట ఈ రెండు మాటలూ వినలేదు. ‘దళంలో ఉన్న అక్క’ అనేది. స్వరాజ్యం కూడా దళంలో రాజక్కే కదా. దళ కమాండర్ అన్నా సరిపోయేది, ఆ మాటకు డు, రాలు తగిలించే పనే లేదు.

జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల గురించి అమ్మమ్మ బాగా చెప్పేది. మధ్యలో గులకరాయి పెట్టి, రెండు కొసలూ పట్టుకుని తలచుట్టూ గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేయాలి. ఆ వడిసెలలతోనే, కారంపొడితో, రోకళ్లతో ఆడవాళ్లు ఊరిమీదికి వచ్చినవాళ్లను ఎదిరించారు. దళంలో లేకపోయినా వాళ్లూ యోధురాళ్లే అంటాను.

టీచర్

రుగాగమం సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా నాయకురాలు అన్నప్పుడు ఆలు విడిగా ఎవరి చెవికీ తగలదు, వాడుకలో అరిగి ‘డు’కు జంట అయిపోయింది. నారి అరగలేదు. ముందు స్త్రీ వినబడుతుంది, తర్వాతే వీరం. (వింటికి కట్టే నారి వేరే మాట. వీరనారిలో అది వినబడితే ఎంత బాగుండేదో!)

రెండో స్పందన రాసిన వారూ, మీరు చెప్పింది నిజం. వడిసెల తిప్పిన చేతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. అలా చూస్తే ఐలమ్మనూ యోధురాలు అనవలసిందే.

ఆ అమ్మాయి కొట్టేసిన మాట పక్కన యోధురాలు అని రాసి, అనుమానం వచ్చినందుకు అర మార్కు వేశాను. వడిసెలను దేనితో అల్లేవారో మీ అమ్మమ్మగారు చెప్పి ఉంటే రాయండి, రేపు తరగతిలో చెబుతాను.