మనసు జబ్బుకు అప్పు చేసైనా ప్రైవేటేనా, పెద్దాసుపత్రికి మారొచ్చా?

అమలాపురం అన్న:
మా తమ్ముడికి ఏడాదిగా డిప్రెషన్. ప్రైవేటు డాక్టరు గారికి చూపిస్తున్నాం. నెలకి ఫీజు 600, మందులు 1,800, కౌన్సెలింగ్ వారానికి 1,000. మాకున్నది రెండెకరాల కొబ్బరి. కాయ ధర పడిపోయాక కౌన్సెలింగ్ మాన్పించేశాం. ఇప్పుడు మనిషి తేలికపడ్డాడు కదా, మందులూ ఆపేద్దామంటోంది అమ్మ. కాకినాడ పెద్దాసుపత్రికి మారుద్దామంటే చుట్టాలు వద్దంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రాజోలు నుంచి:
మారకండి. మా నాన్నని ఒక ప్రభుత్వాసుపత్రికి మూడుసార్లు తీసుకెళ్తే మూడుసార్లూ కొత్త డాక్టరే. పడ్డ బాధంతా ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. నాలుగోసారి ఆయన రానన్నారు. ఇద్దరి బస్సు ఛార్జీలు, భోజనాలు, పోయిన కూలి కలుపుకుంటే ఉచితం అనేది పేరుకే. తెలిసిన డాక్టరుని వదులుకోకండి.

పాలకొల్లు అక్క:
తమ్ముడూ, ముందు అమ్మగారికి నచ్చజెప్పు. మందులు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. డిప్రెషన్ మందు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపాల్సి వచ్చినా డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఇదంతా నాకు అనుభవం మీద తెలిసింది. మా ఆయనకి బైపోలార్, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే మనసు జబ్బు. మొదట గాలి సోకిందని తాయెత్తులకీ, దిష్టి తీయించడానికీ పెట్టిన డబ్బు లెక్కే రాయలేదు. తర్వాత ప్రైవేటులో మందులతో బాగానే ఉన్నారు. చేతిలో డబ్బు ఆడక రెండు నెలలు ఆపాం. నిద్ర పోయింది, అర్ధరాత్రి కాలవ గట్టు వెంట తిరిగేవారు, ఉన్న పొలం అమ్మేస్తానని బేరం పెట్టారు. ఇరవై రోజులు అడ్మిషన్. నా గాజులు, గొలుసు తాకట్టుకి వెళ్లాయి. మూడేళ్ల మందుల ఖర్చు ఆ ఇరవై రోజుల్లో దాటిపోయింది. అందుకే అంటున్నాను, ఫీజు ఎంతని కాదు, ఏడాది పొడవునా ఆగకుండా కట్టగలరా అని చూసుకోండి. కట్టలేకపోతే ఇవాళే మారండి, ఆపాక మారడం కాదు.

ఇప్పుడు మేం ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలోనే చూపిస్తున్నాం. మందులు అక్కడే ఇస్తారు. ఒకవేళ మీరు ప్రైవేటులోనే ఉంటే చీటీ మీద కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయమని అడగండి, మొహమాటపడొద్దు. ఎస్‌సిటలోప్రామ్ లాంటి పాత డిప్రెషన్ మందులు జెనరిక్‌లో, అంటే పెద్ద కంపెనీ బ్రాండు పేరు లేకుండా, ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి కొట్టులో చాలా తక్కువకి వస్తాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి చేతిలో కార్డు లేకపోయినా ప్రభుత్వాసుపత్రిలో ఈ వైద్యం ఉచితం. కార్డు లేదని ఎవరైనా వెనక్కి పంపితే ఆ మాట గట్టిగా అడగండి.

భీమవరం నుంచి:
ఇన్సూరెన్స్ ఉంటే అదీ చూసుకోండి. అదే చట్టం వల్ల బీమా కంపెనీలు ఒంటి జబ్బుతో సమానంగా మనసు జబ్బుకీ కవరేజీ ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు అడ్మిషన్‌కే ఇస్తాయి, నెలనెలా ఓపీ ఫీజుకి ఇవ్వవు.

రాజోలు నుంచి:
అక్కా, మందుల విషయం ఒప్పుకుంటాను. కౌన్సెలింగ్ మాటేంటి? వంద మంది లైన్లో ఉంటే కూర్చోబెట్టి గంటసేపు ఎవరు వింటారు?

పాలకొల్లు అక్క:
అది నిజమే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఓపీలో గంట దొరకదు. 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలీ మానస్ అది. మా ఆయనకి టెన్షన్ ఎక్కువైన రెండు రాత్రులు ఆ ఫోనే గట్టెక్కించింది. కానీ వారంవారం ఒకే మనిషితో కూర్చుని మాట్లాడటానికి అది సాటి రాదు. నేనైతే మందులకి ప్రభుత్వాసుపత్రి పెట్టుకుని, మిగిలిన డబ్బుతో పాత కౌన్సెలర్ దగ్గరికి నెలకి ఒకసారైనా పంపిస్తాను.

రాజోలు నుంచి:
అలా అయితే నాకూ అభ్యంతరం లేదు. డాక్టరు మారినా వినే మనిషి మారకూడదు.

అమలాపురం అన్న:
తమ్ముణ్ణే అడిగాను. "కౌన్సెలింగ్ మేడం దగ్గరికి నెలకోసారి పంపిస్తే చాలు, మందులు ఎక్కడివైనా వేసుకుంటాను" అన్నాడు. ఇంట్లో ఇంకా పన్నెండు రోజుల మాత్రలు ఉన్నాయి. అవి అయిపోకముందే, సోమవారం పాత చీటీలన్నీ పట్టుకుని యానాం మీదుగా కాకినాడ వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంది.