అసైన్‌మెంట్ లెక్క అడిగిన పిల్లలకు మొత్తం చేసి ఇవ్వాలా, దారి చూపితే సరిపోతుందా?

మిర్యాలగూడ, బీటెక్ ఫస్ట్ ఇయర్
అందరికీ నమస్తే. ఇంటర్ దాకా తెలుగు మీడియం నాది. సోమవారం అసైన్‌మెంట్ ఇవ్వాలి, ఈ లెక్క దగ్గర ఆగిపోయాను. గుండ్రటి బావి, వ్యాసార్థం 2 మీటర్లు. నేల నుంచి 10 మీటర్ల కింద నీటి మట్టం, అక్కడి నుంచి నీటి లోతు 5 మీటర్లు. నీళ్లన్నీ నేల మట్టం దాకా తోడటానికి ఎంత పని జరగాలి? కాల్కులస్‌తో చేయాలి. పని అంటే బలం ఇంటూ దూరం కదా అని నీళ్ల బరువు కనుక్కుని 15తో గుణించాను. పుస్తకం వెనకాల ఉన్న జవాబు రావట్లేదు. ఎవరైనా పూర్తిగా చేసి పెట్టండన్నా. ఇంకో నాలుగు ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉద్యోగం
ఇదిగో తమ్మీ. నీళ్లను పలుచటి పొరలుగా అనుకో. నేల నుంచి ఎక్స్ లోతులో ఉన్న పొర మందం డీఎక్స్. దాని బరువు 1000 × 9.8 × పై × 4 × డీఎక్స్, అంటే సుమారు 1,23,150 డీఎక్స్ న్యూటన్లు. ఆ పొర పైకి రావాల్సిన దూరం ఎక్స్. ఎక్స్‌ని 10 నుంచి 15 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 62.5 వస్తుంది. రెండూ గుణిస్తే దాదాపు 77 లక్షల జౌళ్లు. రాసుకుని ఇచ్చెయ్. మిగతా నాలుగూ ఫొటో తీసి పెట్టు, రాత్రికి చేసిస్తా.

మహబూబ్‌నగర్, జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్
ఆఫీసు పని చూసుకుంటూ కూడా పిల్లల కోసం కూర్చుంటున్నారు, సంతోషం. కానీ మిగతా నాలుగూ చేసి పెట్టొద్దని నా మనవి. బాబు 15తో గుణించాడు. ఆ 15 ఎందుకు తప్పో మీ జవాబులో ఎక్కడా లేదు. 15 మీటర్లు ఎక్కాల్సింది అట్టడుగున ఉన్న నీళ్లు మాత్రమే. పైన తేలే నీళ్లకు 10 మీటర్లు చాలు. అన్ని నీళ్లనూ అడుగు నుంచే తోడినట్టు లెక్క కట్టాడు కాబట్టి 92 లక్షలు దాటింది. ఒక్కో పొరకు ఒక్కో దూరం, అందుకే ఇంటిగ్రేషన్. ఆ సంగతి తట్టిందంటే సూత్రం వాడే రాసుకునేవాడు. "నువ్వు వేసిన 15 మీటర్లు ఏ బిందె నీళ్లకు సరిపోతాయి?" అని ఒక్క ప్రశ్న వేస్తే సగం పని అయిపోయేది.

మార్కుల సంగతే చూసుకున్నా జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల ప్రకారం అసైన్‌మెంట్‌కు 5 మార్కులు, చివరి పరీక్షకు 60. ఆ 60లో 21 రాకపోతే సబ్జెక్టు పోయినట్టే. ఐదు మార్కుల కోసం మనం చేసిపెట్టిన లెక్క, అరవై మార్కుల హాల్లో వాడి చేతిలో ఉండదు.

నాగర్‌కర్నూల్, ఎంటెక్ విద్యార్థిని
సార్, గౌరవంతోనే విభేదిస్తున్నాను. దారి చూపిస్తే చాలన్న మాట, ఆ దారిలో అంతకు ముందు కొంచెమైనా నడిచిన వాళ్లకే పనికొస్తుంది. మా వైపు పిల్లల చదువు ఎలా సాగుతుందో మీకూ తెలుసు. ఇంటర్ బోర్డు పరీక్షకు కొన్ని ముఖ్యమైన లెక్కలు బట్టీ పట్టిస్తారు. ఎప్‌సెట్‌కు 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, కాబట్టి షార్ట్‌కట్లు నేర్పుతారు. పొర మందం డీఎక్స్ అనుకుని బొమ్మ గీసి మొదలుపెట్టడం చాలామంది బీటెక్‌కు వచ్చాకే చూస్తారు, అదీ ఇంగ్లిషులో. అచ్చంపేట హాస్టల్లో రాత్రి తొమ్మిదింటికి డౌట్ వస్తే ఎవరిని అడగాలి? నాకు కాల్కులస్ పట్టుబడింది పూర్తిగా చేసి ఉన్న లెక్కలు చూసి చూసే. ఒక లెక్క మొదటి గీత నుంచి చివరి యూనిట్ దాకా కళ్ల ముందుంటే, రెండోదానికి చేయి దానంతటదే కదులుతుంది. అడిగిన పిల్లాడికి ఎదురు ప్రశ్న వేస్తే చాలామంది మళ్లీ అడగరు. తెలియదని నలుగురిలో చెప్పుకోవడానికే వాళ్లకు ఎంతో ధైర్యం కావాలి సార్.

సూర్యాపేట, డిప్లొమా ఫైనల్ ఇయర్
మీరిద్దరూ వాదించుకునే లోపు చాట్‌జీపీటీకి ఫొటో పెడితే స్టెప్పులతో సహా వచ్చేస్తుంది. మా క్లాసులో ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. మనం ఇచ్చినా ఇవ్వకపోయినా జవాబు దొరుకుతుంది. ఈ చర్చ దేనికి?

మహబూబ్‌నగర్, జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్
జవాబు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టే ఈ చర్చ కావాలి. అలా వచ్చిన జవాబు సరైనదో కాదో చూసుకోవడం మీకు రావాలి కదా. ఈ బావి లెక్కనే తీసుకోండి. 36 లక్షల జౌళ్లు ఒక కరెంటు యూనిట్. 77 లక్షలంటే రెండు యూనిట్ల పైచిలుకు. ఏ నష్టమూ లేదనుకుంటే 5 హెచ్‌పీ మోటారు దాదాపు 34 నిమిషాల్లో తోడేస్తుంది. అసలు మోటారుకు ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, అది వేరే లెక్క. పొలం దగ్గర మోటారు వేసిన పిల్లలకు ఇది నమ్మదగ్గ అంకె అని వెంటనే తెలుస్తుంది. అదే 77 కోట్లు అని వచ్చి ఉంటే ఎక్కడో సున్నాలు ఎక్కువ పడ్డాయని పట్టుకోగలగాలి.

అమ్మా నాగర్‌కర్నూల్, అడగడానికే భయపడతారన్నది నిజం. దాన్ని నేను కొట్టిపారేయను. నేను వద్దంటున్నది పూర్తి జవాబును కాదు. వాడు ఎక్కడిదాకా చేశాడో చూడకుండా ఇచ్చే జవాబును. ఈ బాబు 15 వేశానని తనంతట తనే చెప్పాడు. అంత చెప్పిన పిల్లాడికి ఆ 15 గురించే ముందు మాట్లాడాలి.

దేవరకొండ, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉద్యోగం
సార్, మీ మాట కాదనను. కానీ గడువు రేపు ఉంటే ఈ రోజు పాఠం ఎక్కదు. ముందు ఆ భయం పోవాలి, తర్వాతే చదువు. నేను చేసిపెడతానన్నది అందుకే, ఇప్పటికీ అదే అంటున్నా. తమ్మీ, రెండో లెక్క నువ్వు మొదలుపెట్టి ఆగినకాడ చెప్పు. మిగిలిన మూడూ నా దగ్గరికి పంపు.

మిర్యాలగూడ, బీటెక్ ఫస్ట్ ఇయర్
సార్, పొరల సంగతి అర్థమైంది. రెండోది నేనే చేశాను. నిలువు గేటు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు, నీళ్లు పైఅంచు దాకా ఉన్నాయి, గేటు మీద మొత్తం బలం కనుక్కోవాలి. ఎక్స్ లోతులో పీడనం 9800 ఎక్స్, అక్కడ గేటు మీది సన్నటి అడ్డ పట్టీ వైశాల్యం 4 డీఎక్స్. 0 నుంచి 6 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 7,05,600 న్యూటన్లు. పుస్తకంతో సరిపోయింది. కానీ ఒక డౌట్. గేటు వెనక నీళ్లు ఎంత దూరం ఉన్నాయో లెక్కలో ఇవ్వలేదు. మన సాగర్ దగ్గర నీళ్లు వెనక్కి అంత దూరం నిలిచి ఉంటాయి కదా, అదంతా గేట్ల మీద పడదా?

మహబూబ్‌నగర్, జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్
చాలా మంచి ప్రశ్న బాబూ. పడదు. నిలకడగా ఉన్న నీటిలో పీడనం లోతును బట్టే ఉంటుంది, వెనక ఎంత దూరం నీళ్లున్నాయన్న దానితో పని లేదు. సాగర్‌లో మట్టం సముద్ర మట్టం నుంచి 590 అడుగులకు నిండినప్పుడు జలాశయం నల్లమల కొండల్లోకి ఎంత దూరం పోయినా, గేటు మీద బలాన్ని తేల్చేది దాని ముందున్న నీటి లోతే. డ్యామ్‌ను పైన సన్నగా, కింద వెడల్పుగా కట్టడానికి కారణం కూడా ఇదే, కింద నెట్టుడు ఎక్కువ. ఇప్పుడు ఆ 7,05,600 న్యూటన్లూ ఒకేచోట పనిచేస్తున్నాయనుకుంటే, అది ఏ లోతులో అవుతుందో కనుక్కో. మధ్యలో, అంటే 3 మీటర్ల దగ్గరా?

నాగర్‌కర్నూల్, ఎంటెక్ విద్యార్థిని
సార్, ఏమనుకోకండి, ఇది మాత్రం పూర్తిగా చేసే పెడుతున్నాను. తమ్ముడూ, ఒక్కో పట్టీ మీది బలాన్ని దాని లోతుతో గుణించు. 39,200 × ఎక్స్ స్క్వేర్ × డీఎక్స్. 0 నుంచి 6 వరకు ఎక్స్ స్క్వేర్ ఇంటిగ్రేట్ చేస్తే 72. మొత్తం 28,22,400. దాన్ని 7,05,600తో భాగిస్తే 4. అంటే నీటి మట్టం నుంచి 4 మీటర్ల కింద. సార్ అడిగిన 3 కాదు, ఎందుకంటే కింది పట్టీల మీద నెట్టుడు ఎక్కువ. ఇప్పుడు గేటు వెడల్పు 4 తీసేసి 7 పెట్టి నువ్వు చెయ్యి. ఆ లోతు మారుతుందో లేదో ఇక్కడే రాయి.