హెడ్ బోల్టులన్నీ తీసినా సిలిండర్ హెడ్ కదలడం లేదు

ప్రశ్న:
నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు ఇంజన్ హెడ్‌ను, అంటే సిలిండర్లను పైనుంచి మూసే భాగాన్ని, ఇంటి షెడ్డులోనే విప్పుతున్నాను. సిలిండర్లు ఉండే కింది భాగమైన బ్లాకు పోత ఇనుముది, హెడ్ అల్యూమినియంది, క్యామ్ షాఫ్టు టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతూ ఉండడం, స్టార్టు చేయగానే తియ్యటి వాసనతో తెల్లటి పొగ వచ్చి ఇంజన్ వేడెక్కినా ఆగకపోవడం, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి జిగురు పేరుకోవడం చూసి, హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందు మూసే హెడ్ గ్యాస్కెట్ పోయిందని నిర్ణయించుకున్నాను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కూలెంట్ దించి, ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పై అంచుకు తెచ్చి గుర్తులు పెట్టుకున్న తరువాతే బెల్టు తీశాను. పది హెడ్ బోల్టులూ బయటికి వచ్చాయి గానీ హెడ్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. మధ్యలో పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి లేపవచ్చునా? ఆ బోల్టులనే మళ్లీ బిగించవచ్చునా? పాడుచేసుకోవడం ఇష్టం లేక పని ఆపి అడుగుతున్నాను.

మొదటి సమాధానం:
దయచేసి స్క్రూడ్రైవర్ దూర్చకండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద పడిన చిన్న గాటు నుంచి కూడా కొత్త గ్యాస్కెట్ వేసిన తరువాత కూలెంటో, మండిన వాయువులో దారి చేసుకుంటాయి. అల్యూమినియం మెత్తటి లోహం కాబట్టి ఆ గాటు పడడానికి ఎంతో బలం అక్కరలేదు. బోల్టులన్నీ తీసినా హెడ్ లేవడం లేదంటే, ఇంకా ఏదో దాన్ని పట్టుకొని ఉందని ముందుగా అనుమానించండి. టైమింగ్ కవరు వైపు దాగి ఉండే చిన్న బోల్టులు, ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టం క్లిప్పు, సిలిండర్లకు గాలి చేరవేసే ఇన్‌టేక్ మ్యానిఫోల్డుకు కింది నుంచి ఊతమిచ్చే బ్రాకెట్టు, హెడ్ వెనుక ఉండే ఎర్త్ తీగ, ఈ నాలుగింటినీ టార్చిలైటు వేసి, కనిపించని చోట వేళ్లతో తడిమి చూడండి.

ఏదీ మిగలలేదని తేలితే, గ్యాస్కెట్ అతుక్కొని ఉంటుంది, లేదా హెడ్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు తుప్పుతో బిగుసుకొని ఉంటాయి. హెడ్ రెండు కొసల దగ్గర, మందమైన పోత ఉన్న చోట, చెక్క దిమ్మె అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టండి. కొన్ని ఇంజన్లలో మీట వేయడానికే ప్రత్యేకంగా చెవులు పోత పోసి ఉంటాయి. ఉంటే మీట అక్కడే వేయాలి. పట్టు వదిలాక ఇద్దరు చెరోవైపు పట్టుకొని నిట్టనిలువుగా పైకెత్తండి, ఎందుకంటే ఒక పక్కకు ఒరిగితే డోవెల్ పిన్నులు మళ్లీ పట్టేస్తాయి.

రెండవ సమాధానం:
మీ రెండవ ప్రశ్నకు జవాబు మాన్యువల్‌లోనే దొరుకుతుంది. బిగింపు చివర ఇన్ని డిగ్రీలు తిప్పాలని అందులో ఉంటే, అవి సాధారణంగా సాగేంత వరకు బిగించే బోల్టులు. ఒకసారి అలా సాగినవి తిరిగి పాత పొడవుకు రావు కాబట్టి కొత్తవి వేయడమే క్షేమం. మొత్తం పని ఖర్చులో వాటి వాటా చాలా చిన్నది.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. బోల్టులను ఏ వరుసలో వదులు చేశారో మీరు రాయలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, బిగించే వరుసకు వ్యతిరేకంగా, అంటే కొసల నుంచి మధ్యకు, ఒక్కొక్కదాన్ని కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు ఒకే వైపు వదులు చేస్తే హెడ్ వంగిపోయే ప్రమాదం ఉంది. ఆయిల్ మూత కింది జిగురు ఒక్కటే అయితే గ్యాస్కెట్ పోయినట్లు లెక్క కాదు, తక్కువ దూరాలే తిరిగే కార్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. అయితే మీరు చెప్పిన మిగతా రెండు లక్షణాలు బలమైనవి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మ్యానిఫోల్డు కింద ఒక బ్రాకెట్టు బోల్టు మిగిలిపోయింది. అది తీయగానే రెండు దెబ్బలకే హెడ్ లేచింది. ఇంజన్ రాత్రంతా చల్లారిన తరువాతే, కొసల నుంచి మొదలుపెట్టి బోల్టులు వదులు చేశాను. గ్యాస్కెట్ రెండు, మూడు సిలిండర్ల మధ్య కాలి తెగిపోయి ఉంది. ముఖాలను శుభ్రం చేయడానికి డ్రిల్లుకు రాపిడి చక్రం తగిలించవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
వద్దు. ఆ చక్రం నుంచి రాలే గరుకు పొడి ఆయిల్ దారుల్లోకి చేరితే బేరింగులను అరగదీస్తుంది, పైగా చేతి ఒత్తిడి సమంగా ఉండక ముఖం మీద పల్లాలు పడతాయి. గ్యాస్కెట్ తొలగించే ద్రావకం పూసి నాననిచ్చి, ప్లాస్టిక్ గీకుడు పలకతో ఓపికగా తీయండి. ఆ పని చేసేటప్పుడు సిలిండర్లలోనూ, ఆయిల్ రంధ్రాల్లోనూ శుభ్రమైన గుడ్డలు కుక్కి ఉంచండి. హెడ్‌ను చెక్క దిమ్మెల మీదే పెట్టండి. తెరుచుకొని ఉన్న వాల్వుల మీద బరువు పడితే అవి వంగిపోతాయి.

తరువాత సరళపట్టీని పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా ఐమూలగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడండి. ఎంత వంపు వరకు పరవాలేదో మీ ఇంజన్ మాన్యువల్ చెబుతుంది. అది మిల్లీమీటరులో చిన్న భిన్నమే. హద్దు దాటితే మెషిన్ షాపులో ఫేసింగ్, అంటే ముఖాన్ని చదును చేసే పని, చేయించాలి. గ్యాస్కెట్ కాలేంత వేడెక్కిన హెడ్ కాబట్టి, వంపు లేకపోయినా పగుళ్ల కోసం ప్రెషర్ టెస్టు చేయించండి.

బ్లాకులోని బోల్టు రంధ్రాలను మరిచిపోవద్దు. హెడ్ ఎత్తినప్పుడు వాటిలోకి కూలెంట్ దిగి ఉంటుంది. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే, ఆ ద్రవం పోవడానికి దారిలేక బ్లాకునే పగలగొట్టగలదు. పగలకపోయినా బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ తప్పుడు బిగింపును చూపిస్తుంది. ప్రతి రంధ్రంలోనూ గుడ్డతో తడి పీల్చి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకొని గాలి కొట్టి ఆరబెట్టిన తరువాతే కొత్త గ్యాస్కెట్ పరచండి.