స్కై దీవిలో ముందు కాపాడాల్సింది చేపనా, నాచునా?

గ్లాస్గో_గోదారోడు: స్కాట్లాండ్‌లోని స్కై దీవికి వెళ్లొచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న వదలట్లేదు. ఆ పక్క సముద్రంలో ఫ్లాపర్ స్కేట్ గుడ్లు పెడుతుంది. మన టేకు చేపకి బంధువే, రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉంది. దీవి మీద తడి కొండవాలుల్లో స్ఫాగ్నమ్ స్కైయెన్స్ అనే పీట్ నాచు ఉంది (పీట్ అంటే తడి నేలలో కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర). 1988లో కొత్త జాతిగా వర్ణించారు, చాలా అరుదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే దేనికిస్తారు?

విశాఖ_అల: చేపకే, రెండో మాట లేదు. దాని గుడ్డు పొదగడానికి దాదాపు 18 నెలలు పడుతుంది. అన్నాళ్లూ సముద్రం అడుగున కదలకుండా ఉండాలి. అడుగును గీకే వల ఒక్కసారి వెళ్తే అంతా పోయినట్టే. పైగా ఇన్నేళ్లూ దీన్ని, ఇంకో జాతిని కలిపి 'కామన్ స్కేట్' అనేశారు. 2010 ప్రాంతంలో గానీ రెండూ వేరని తేలలేదు. ఒకే పేరు కింద ఉంటే ఏది ఎంత తగ్గిందో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ హార్బర్‌లో కడుపుతో ఉన్న టేకుల్ని తట్టల్లో చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మొక్కలపిచ్చి: అల గారూ, బాధ అర్థమైంది. కానీ నాచు కోసం ఎవరు ఏడుస్తారు? ఆర్కిడ్ల కోసం నేనూ ఎండు స్ఫాగ్నమ్ ప్యాకెట్ కొన్నాను. గుప్పెడు నాచు నానబెట్టి పిండితే గ్లాసుడు నీళ్లు కారాయి. తన బరువుకి 20 రెట్ల దాకా నీళ్లు పట్టే మొక్క అది! ఇలాంటి నాచులు కుళ్లకుండా పేరుకుంటేనే పీట్ అవుతుంది, అదీ ఏడాదికి సుమారు 1 మి.మీ. మీటరు మందం తవ్వేస్తే వెయ్యేళ్లు పోయినట్టు. ఆ రోజు నుంచి కొబ్బరి పొట్టే వాడుతున్నాను. స్కై నాచుది ఇంకా సున్నితమైన బతుకు. ఆ వాలుకి నిప్పు పెట్టినా, తేమ తగ్గినా ఈదుకుంటూ వేరే చోటికి పోలేదు కదా.

గ్లాస్గో_గోదారోడు: మీ ఇద్దరివీ చదివాక నా మనసు నాచు వైపు మొగ్గుతోంది. స్కేట్ గుడ్లు పెట్టే రెడ్ రాక్స్, లాంగే దగ్గర 2021లోనే వేట ఆపేశారు. చేపకి కావాల్సింది నిషేధం, అది వచ్చింది. వాన తగ్గితే నాచుని ఏ నిషేధం కాపాడుతుంది? డబ్బు అటే వెళ్లాలి.

విశాఖ_అల: నిషేధం కాగితం మీద వచ్చింది తమ్ముడూ. రాత్రిపూట ఎవరూ వల దించకుండా చూడటానికి పడవ, డీజిలు, మనుషులు ఊరికే వస్తారా?