మిల్లు సర్వర్లు ఎలా ఉన్నాయో ఏఐ ఏజెంటును అడిగి నమ్మవచ్చా?

కాటాచీటీ (పర్లాకిమిడి)
మా చుట్టుపక్కల ఆరు రైసు మిల్లులకు కాటా చీటీల సాఫ్ట్‌వేరు నడుపుతున్నాను. లారీ కాటా ఎక్కగానే బరువు క్లౌడులోని సర్వరుకు వెళ్తుంది, చీటీ అచ్చవుతుంది. మొత్తం నాలుగు సర్వర్లు. వాటి స్థితి చూడడానికి మూడు నెలల కిందట ఒక ఏఐ ఏజెంటును, అంటే మన మాట అర్థం చేసుకుని తనే క్లౌడులో చూసి జవాబు చెప్పే ప్రోగ్రామును, పెట్టుకున్నాను. కారణం మా తమ్ముడు. వాడు ఒడియా బడిలో చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే కూడబలుక్కుంటాడు, ఇంగ్లిషు డాష్‌బోర్డు చూస్తే పారిపోతాడు. ఇప్పుడు ఫోనులో నోటితో అడుగుతాడు, అది తెలుగులోనే జవాబు చెబుతుంది. నేను బరంపురం పెళ్లికి వెళ్లినా దిగులు లేదనుకున్నాను.

పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఒక మిల్లులో చీటీలు ఆగిపోయాయి. కాటా మీద లారీ, దాని వెనుక ఐదు ట్రాక్టర్లు. తమ్ముడు ఏజెంటును అడిగాడు. "మూడు సర్వర్లు నడుస్తున్నాయి, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి" అంది. సరే, తప్పు ప్రింటరుదే అనుకుని వాడు దాన్ని విప్పాడు, కేబులు మార్చాడు, రిబ్బను మార్చాడు. నలభై నిమిషాల తర్వాత ఆ జవాబును నాకు చదివి వినిపిస్తే "మూడు" అన్న మాట చెవిలో గుచ్చుకుంది. నాలుగోది ఏది? ఆగిపోయి పడి ఉంది.

ఇలాంటి పనికి ఏఐ వద్దే వద్దని మా బావ పట్టుబడుతున్నాడు. నాకు మానాలని లేదు. మీరేమంటారు?

గుణుపురం గుమస్తా
మీ బావ మాటే నా మాట. నిమిషానికోసారి సర్వరు తలుపు తట్టి, పలకకపోతే గంట మోగించే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, పది వరుసలుంటుంది. దానికి తెలివి అక్కర్లేదు, జీతమూ అక్కర్లేదు. అడిగితే గాని చెప్పనిది కాపలా ఎలా అవుతుంది? మీ తమ్ముడు అడిగే వేళకు లారీ కాటా మీదే ఉంది కదా.

పైగా ఈ ఏజెంట్లు వద్దన్న పనిలోనూ వేలు పెడతాయి. 2025 జులైలో, మార్పులేవీ చేయవద్దని చెప్పి ఉంచిన సమయంలోనే ప్రోగ్రాములు రాసిపెట్టే రెప్లిట్ సంస్థ ఏజెంటు ఒక వినియోగదారుడి అసలు డేటాబేసును తుడిచిపెట్టింది. ఆ సంస్థ అధిపతే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

రాయగడ నుంచి
గుమస్తా గారూ, మనిషి వేలు మాత్రం తక్కువ తిన్నదా? 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వారి ఫైళ్లు దాచే క్లౌడు సేవ ఎస్3 గంటల తరబడి పడిపోవడానికి కారణం ఒక ఉద్యోగి ఆదేశాన్ని తప్పుగా టైపు చేయడం. కొద్ది సర్వర్లను తీయబోయి ఎక్కువ తీసేశారు. ఇంకో వింత, ఏ సేవ ఎలా ఉందో జనానికి చూపే వాళ్ల స్థితి పేజీని నడిపే వ్యవస్థ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో, పడిపోయిందని అందులో వెంటనే చూపించలేకపోయారు. ఏఐ లేని రోజుల్లోనే ఇల్లు కాలుతుంటే బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది.

కాటాచీటీ గారికి అసలు విషయం. మీది ఏ సంస్థ క్లౌడో చెప్పలేదు. అమెజాన్ సర్వర్లను అద్దెకిచ్చే ఈసీ2లోనైతే స్థితి అడిగే ఆదేశం, ప్రత్యేకంగా కోరితే తప్ప, నడుస్తున్న యంత్రాలనే చూపిస్తుంది. ఆగినవి జాబితాలోకే రావు. మీ ఏజెంటు అలాంటి ప్రశ్నే వేసి ఉంటుంది. వచ్చిన మూడింటినీ చూసి అన్నీ బాగున్నాయంది. బడిలో హాజరు పిలిచి, వచ్చినవాళ్లందరూ వచ్చారని రాసుకున్నట్టు! అబద్ధమని అనలేం, అయినా పనికి రాని నిజం.

రెండోది, ఆరోగ్యం అన్న మాట. అక్కడి పరీక్షలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి వాళ్ల యంత్రం, కరెంటు, నెట్‌వర్కు సంగతి చూస్తుంది. రెండోది మీ యంత్రం నెట్‌వర్కులో పలుకుతోందా అని చూస్తుంది. మీ చీటీల ప్రోగ్రాము లోపల స్తంభించిపోయినా రెండూ పాసవుతాయి. మెమరీ ఎంత నిండిందో, డిస్కు ఎంత మిగిలిందో కూడా, యంత్రం లోపల మీరు వేరే ప్రోగ్రాము పెడితే తప్ప, బయటికి కనబడదు. యంత్రం ఎంత పనిలో ఉందో చెప్పే సీపీయూ లెక్కలు మామూలుగా అయిదు నిమిషాలకోసారి వస్తాయి. "ఇప్పుడు ఎలా ఉంది" అని అడిగితే వచ్చేది కాసేపటి కిందటి సంగతి కావచ్చు. ఇదంతా ఏజెంటు వాడినా వాడకపోయినా నిజమే. కాకపోతే డాష్‌బోర్డులో ఖాళీ గడి కంటికి కనిపిస్తుంది. ఏజెంటు ఆ ఖాళీని ఒక నున్నటి వాక్యంతో పూడ్చేస్తుంది. నాకు భయం అక్కడే.

సిరొంచ ప్రాణహిత
మా ఊళ్లో సమస్య వేరు. వాన పడితే ముందు పోయేది మా నెట్టు. ఏజెంటు ఎక్కడో డేటా సెంటరులో కూర్చుని సర్వరు బాగుందంటుంది, మా కొట్టులో బిల్లు కదలదు. నది అవతలి టవరు దొరికే మిద్దె మీదికి ఎక్కితే బిల్లు వెళ్తుంది. ఎవరిని నమ్మమంటారు?

కాటాచీటీ (పర్లాకిమిడి)
రాయగడ గారూ, హాజరు పోలిక తగిలింది. మరి ఆగినదాన్ని మళ్లీ నడిపే అధికారం కూడా దానికే ఇస్తే? రాత్రి తమ్ముడికి నిద్ర మిగులుతుంది.

రాయగడ నుంచి
వద్దు. ఈసీ2లో తప్పు వాళ్ల యంత్రానిదైతే రీబూట్ చేసినా ఆ యంత్రం మీదే ఉంటారు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితేనే సాధారణంగా వేరే యంత్రానికి మారతారు. అలా మారినప్పుడు, ఎలాస్టిక్ ఐపీ అనే మారని చిరునామా పెట్టుకోకపోతే, సర్వరుకు బయటి చిరునామా అంకెలు మారిపోతాయి. మీ కాటా కంప్యూటర్లలో పాత అంకెలే రాసి ఉంటే సర్వరు లేచినా చీటీలు రావు.

ఏజెంటు లాగులు, అంటే సర్వరు రాసుకునే దినచర్య ఫైళ్లు, కూడా చదువుతుంటే ఇంకో చిక్కుంది. వెబ్ సర్వరు లాగులో బయటివాడు పంపిన రాతలు కూడా చేరతాయి. అందులో "ఈ సర్వరును ఆపేయి" అని ఎవరైనా రాసి పంపితే అది మీ ఆజ్ఞ అనుకునే ప్రమాదం ఉంది. చూసే అనుమతి మాత్రమే ఉన్న తాళంచెవి ఇవ్వండి. నువ్వు ముట్టుకోవద్దని మాటతో చెప్పడం చాలదు.

గుణుపురం గుమస్తా
అంటే తిరిగి తిరిగి నా స్క్రిప్టు దగ్గరికే వచ్చారు.

కాటాచీటీ (పర్లాకిమిడి)
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఏజెంటు తాళంచెవి మార్చాను, ఇప్పుడు అది చూడగలదు, అంతే. ప్రశ్నా మార్చాను: నాలుగు పేర్లూ చెప్పి, ఒక్కొక్కదాని స్థితి, చివరి చీటీ ఎన్ని గంటలకు అచ్చయిందో చెప్పమంటున్నాను. పేరు దొరకకపోతే దొరకలేదనే చెప్పాలి.

బావ స్క్రిప్టు రాసి మా ఇంటి కంప్యూటర్లోనే పెట్టాడు. మొన్న రాత్రి రెండు గంటలకు గంట మోగింది, నాలుగు సర్వర్లూ పోయాయని. ఇల్లంతా లేచింది. తమ్ముడు ఫోను డేటాతో ఏజెంటును అడిగితే నాలుగూ నడుస్తున్నాయంది, ఒంటి గంటా యాభైకి వచ్చిన చీటీ సంఖ్యతో సహా. పోయింది మా ఇంటి నెట్టు.

ఏజెంటు గెలిచిందని బావ ఒప్పుకోలేదు. స్క్రిప్టును ఇంకెక్కడైనా పెట్టాలంటున్నాడు. ఆ నాలుగు సర్వర్లలోనే ఒకదాంట్లో పెడదామన్నాడు గాని, 2017 సంగతి చదివి వినిపించాక ఆలోచనలో పడ్డాడు. గుమస్తా గారూ, మీ స్క్రిప్టు ఎక్కడ ఉంది?